వెనక్కి మళ్లని ఎలక్ట్రాన్లు

ఆరేళ్లుగా టెంపరరీగా ఉన్న ఫిజిక్స్ లెక్చరర్ సుందర్ రావు, ఆ రోజైనా పర్మినెంటు కావాలని ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. మట్టెవాడలోని వాళ్ల ప్రైవేటు కాలేజీకి పదింటికి సబ్జెక్టు నిపుణుడొచ్చి ఆయన పాఠం విని సిఫారసు రాస్తాడు.

"ఈసారన్న పర్మినెంట్ కాకుంటే మా అన్న మిర్చి దుకాణంల గుమస్తాగిరే" అంది భార్య రాహేలు, ప్రేమగా.

"ఫికర్ చెయ్యకు. జర్మనీ సైంటిస్టు నాలుగేండ్ల కింద బయటపెట్టిన సంగతి చెప్త."

సంగతి ఇదీ. పల్చటి పొరను బలమైన అయస్కాంతం కింద పెడితే మధ్యలోని ఎలక్ట్రాన్లు ఉన్నచోటే గింగిరాలు తిరుగుతాయి. కరెంటు మాత్రం అంచు వెంబడే, ఒకే దిక్కుగా పోతుంది. అడ్డమొస్తే చుట్టి పోతుందే తప్ప వెనక్కి మళ్లదు. బోర్డు మీద చెబితే నిద్రపోతారని ఆయన రెండు వందల మంది విద్యార్థులను ఆవరణలో నిలబెట్టాడు. మేధావులకు ఇలాంటి ఆలోచనలే వస్తాయి.

"నడుమ ఉన్నోళ్లు ఉన్నకాడనే తిరుగుండ్రి. గోడ పొంటి ఉన్నోళ్లు ఒక్క దిక్కే ఉరుకుండ్రి. ప్రిన్సిపాల్ సార్ ఎదురొచ్చినా నమస్తే గిమస్తే అని ఆగద్దు. బెల్లు కొడితేనే ఆగాలె!"

అతిథికి చప్పుడు ఇబ్బందని ప్రిన్సిపాల్ పొద్దున్నే బెల్లు సుత్తిని బీరువాలో పెట్టి తాళం వేశాడు. టెంపరరీ వాళ్లకు ఇవన్నీ ఎవరు చెబుతారు?

నిపుణుడు రాజేశ్వర్ రావు అరగంట ముందే, రిహార్సల్ నడుస్తుండగానే గేటు దాటాడు. అంచు ప్రవాహం ఆయనను గొడుగుతో సహా లాక్కుపోయింది. ఎవరో విద్యార్థి తండ్రి అనుకున్నాడు సుందర్ రావు.

"ఓ పెద్దమనిషీ, వెనక్కి మళ్లద్దు! ప్రయోగం ఖరాబైతది!"

ఆయన తప్పించుకుని మధ్యలోకి దూరాడు. అక్కడి విధేయులైన విద్యార్థులు చేతులు పట్టుకుని గిరగిరా తిప్పారు. వరండాలోంచి చూసిన ప్రిన్సిపాల్ సమ్మె అనుకుని బెంచీలు అడ్డం వేయించాడు. విద్యార్థులు బెంచీలను చుట్టి ఉరికారు. సుందర్ రావు పొంగిపోయాడు.

"చాలు, బెల్లు కొట్టు కట్టయ్యా!"

"సుత్తి బీరువాల ఉంది సార్" అన్నాడు అటెండరు కట్టయ్య.

"తాళంచెవి?"

"ప్రిన్సిపాల్ సార్ జేబుల. ఆపుతనని దిగిండు. ఇగో, గోడ పొంటి ఉరుకుతాండు."

మూడో చుట్టులో తాళంచెవి అందింది. బెల్లు మోగాక, తల పట్టుకు కూర్చున్న పెద్దమనిషి ఎవరో సుందర్ రావుకు తెలిసింది. మిర్చి ఘాటు అప్పుడే ముక్కుకు తగిలింది.

"ఆ జర్మనీ సైంటిస్టు వ్యాసం నాలుగుసార్లు చదివినా అర్థం కాలేదయ్యా. ఇయ్యాల అయింది. నిన్ను పర్మినెంట్ చెయ్యమని రాస్త" అన్నాడు నిపుణుడు. సుందర్ రావుకు కళ్లనీళ్లు తిరిగాయి.

నిపుణుడు రాశాడు. ఏ పోస్టులో అన్నది మాత్రం, ఇంకా ఆయాసం తీరని ప్రిన్సిపాల్ నింపాడు: డ్రిల్లు మాస్టరు.

ఇప్పుడు సుందర్ రావు రోజూ పొద్దున్నే గ్రౌండు అంచు వెంబడి ఒకే దిక్కుగా పిల్లలను ఉరికిస్తున్నాడు. పర్మినెంటు కనుక వెనక్కి మళ్లే వీలు లేదు.