రుక్కి చేతికి వచ్చిన చార్జి

పెద్దవంగర దగ్గరి ఒక ఊరి బడిలో నాయకత్వం కొరవడిందని పైవారు సకాలంలో గుర్తించారు. నీళ్ళు కొరవడిన సంగతి గుర్తించడానికి ఇంకా సమయం ఉంది. ఆ బడి చేతిపంపు బోరింగు చెడిపోయింది హెడ్మాస్టరు కనకయ్య సారు బిడ్డకు పుట్టువెంట్రుకలు తీసిన ఏడు. ఆ పిల్ల ఇప్పుడు తొర్రూరులో కాన్వెంటుకు పోతోంది. అప్పటినుంచి బడిలో వంట చేసే రుక్కి పొలం మోటారు దగ్గరినుంచి రోజూ పద్నాలుగు బిందెలు మోస్తూనే ఉంది. మెడ పట్టేసి, పక్కకు చూడాలంటే మనిషే తిరగాల్సి వస్తోంది. సారు మాత్రం ఊరుకున్నారా? ఇరవై రెండు అర్జీలు పెట్టారు. అన్నింటికీ నకళ్ళు ఉన్నాయి.

ఇంతలో ఉత్తర్వు వచ్చింది. ఉపాధ్యాయులందరూ మూడు రోజులు మానుకోటకు వచ్చి నాయకత్వం, నిర్వహణ నేర్చుకోవాలి. బడి మాత్రం మూయరాదు. బడికి ఉన్నదే ఇద్దరు ఉపాధ్యాయులు. చార్జి ఎవరికో ఒకరికి అప్పజెప్పనిదే సర్కారు మనిషి గడప దాటకూడదు కనుక సారు కాగితం రాశారు.

"రుక్కమ్మా, ఈడ బొటనేలు నిశాని పెట్టు. మూడొద్దులు బడి జిమ్మేదారి నీదే."

"గరిటె తిప్పుడు తప్ప నాకేమొస్తది సారూ?"

"మేం నేర్సుకునేది సుత గదే. పెట్టు, బస్సు పోతది."

మానుకోటలో చల్లటి హాలు, మనిషికో నీళ్ళ సీసా. పట్నం నుంచి వచ్చిన నిపుణుడు సెలవిచ్చాడు: "నాయకుడన్నవాడు సమస్యను నెత్తిన మోయడు. అది ఎవరిదో వారి గడపలో దించుతాడు!" అందరూ రాసుకున్నారు. తరువాత నెత్తిమీద నీళ్ళ గ్లాసుతో పది అడుగులు నడిచే పోటీ పెట్టారు. చుక్క ఒలకకుండా నడిచినందుకు కనకయ్య సారుకు షీల్డు వచ్చింది.

రెండోనాడు ఇక్కడ పొలం మోటారు కాలిపోయింది. నీళ్ళు లేనిదే అన్నం లేదు. అన్నం లేకుంటే రుక్కి కొలువూ లేదు. ఆమె ఏ శిక్షణకూ పోలేదు కదా, తెలియక ఒక పని చేసింది. ముప్పై ఒక్కమంది పిల్లలను పళ్ళాలతో వరుసకట్టించి, బియ్యం మూట ఎత్తుకొని, సర్పంచి పోశాలు వాకిట్లో, వాళ్ళ సొంత నల్లా పక్కన మూడు రాళ్ళు పెట్టి పొయ్యి ముట్టించింది.

సర్పంచి భార్య నర్సమ్మ గుండెలు బాదుకుంది. "గిదేందే రుక్కీ! అలికిన వాకిలేం గావాలె?"

"బోరింగు బాగయ్యేదాంక బడి ఈడ్నే అక్కా. చార్జి నాదే, కాగితమున్నది. జర ఉప్పు ఇయ్యి."

పిల్లలు సర్పంచి మంచం మీద కూర్చొని ఎక్కాలు ఎత్తుకున్నారు. పన్నెండో ఎక్కం పూర్తయ్యేలోపు పోశాలు మూడు ఫోన్లు చేశాడు. అన్నం ఉడికేలోపు మెకానిక్కు వచ్చాడు. ఇన్నేళ్ళూ అరిగి కూర్చున్నది ఒక్క వాషరు.

మర్నాడు రుక్కి ఒక్క బిందే మోసింది, అదీ బోరింగు నుంచి పొయ్యిదాకా. నాలుగోనాడు దిగిన కనకయ్య సారు ఆ నీళ్ళతోనే కాళ్ళు కడుక్కొని, 'శిక్షణానంతర ఫలితాలు' అని నివేదిక రాశారు. అధికారులు ముచ్చటపడ్డారు. సారుకు ఉత్తమ నాయకుడని సన్మానం ఖాయం చేశారు. అనుమతి లేకుండా పిల్లలను బడి దాటించినందుకు రుక్కికి మెమో ఇచ్చారు. ఆమెకు చదువు రాదు కనుక సారే ఓపికగా చదివి వినిపించి నిశాని వేయించుకున్నారు.

బోరింగును ఆదర్శ బోరింగుగా ప్రకటించారు. జనగామ నుంచి, భూపాలపల్లి నుంచి హెడ్మాస్టర్లు చూడటానికి వస్తారు కదా, మాసిపోకుండా నీలం రంగు వేసి, రిబ్బను చుట్టి, దాని పిడికి గొలుసేసి తాళం పెట్టారు. మోటారు ఎలాగూ బాగైంది. రుక్కి మళ్ళీ పద్నాలుగు బిందెలకు వచ్చింది.

సన్మానం నాడు అతిథుల భోజనానికి మరో ఆరు. బిందెతో బోరింగు పక్కనుంచి వస్తుంటే ఎవరో కేకేశారు.

"ఏ రుక్కీ, పక్కకు జరుగు! ఫొటోకు అడ్డమొస్తున్నవ్!"

ఎవరా అని మనిషే తిరిగి చూసింది. అధికారులు కాదు. సర్పంచి వాకిట్లో ఆమె చేతి అన్నం తిన్న పిల్లల తల్లిదండ్రులే. రుక్కి పక్కకు జరిగింది.

ఆ ఫొటో పేపర్లో పడింది. శాలువాతో సారు, రిబ్బనుతో బోరింగు, ఎడమ అంచున సగం బిందె. మీరూ చూసే ఉంటారు. బాగుందని మీరే అన్నారట కూడా.