కణితి పడితే దూరం జరగాలి

కొండల్లో చైత్రం పండగ వేటకు వెళ్ళినవాళ్ళను ఎలుగుబంట్లు చీల్చేస్తున్నాయని ఏటేటా ఫిర్యాదులు వస్తూండడంతో, ప్రభుత్వం బాగా ఆలోచించి, ఒక్కో వేట గుంపుకు ఒక్కో ఎలుగుబంటిని రక్షణాధికారిగా వేసింది. ఎలుగుబంటి ఎప్పుడు మీద పడుతుందో, ఎందుకు పడుతుందో ఎలుగుబంటి కన్నా బాగా తెలిసినవాడు అటవీశాఖలో లేడు మరి. ఇంటర్వ్యూలో కూడా వాటిని ఎదురు ప్రశ్న అడిగిన మొనగాడు లేడట.

కుంకుడుగెడ్డ ఊరి గుంపుకు వచ్చినది గుండెల మీద తెల్లటి చంద్రవంక ఉన్న పెద్ద ఎలుగు. అధికారి అయ్యాక ‘అది’ అనకూడదు కనుక ఆయన అందాం. ఖాకీ చొక్కా పొట్ట దగ్గర కలవక గుండీలు వదిలేశారు. మెడలో విజిల్ వేలాడుతోంది. ఒంట్లోంచి ఇప్పపూల వాసన. మనిషి నెమ్మదస్తుడు.

ఆ గుంపులోని సుకురుకు మాత్రం ఎలుగు భయం కన్నా పేడనీళ్ళ భయం ఎక్కువ. ఆ కొండల్లో పండగ వేటకు వెళ్ళిన మగవాళ్ళు ఉత్త చేతులతో దిగివస్తే, ఆడవాళ్ళు ఊరి మొదట కాపు కాసి నెత్తిన పేడనీళ్ళు కుమ్మరిస్తారు. పైగా పేరు పెట్టి మరీ పాటలు కడతారు. నిరుడూ అంతకు ముందేడూ సుకురు నిలువునా తడిశాడు. ఈ ఏడు విల్లు భుజాన వేసుకుంటూంటే పెళ్ళాం బుద్రి కడవ తోముతూ ఆగింది.

“ఈపాలి ఒట్టి సేతుల్తో దిగేవంటే నీళ్ళు కలపను. ఒట్టి పేడే. ఆపైన పిల్లోణ్ణి సంకనేసుకుని మా అమ్మోరింటికి పోతాను. ఆడికి నీ పేరు కూడా సెప్పను.”

“సెప్పకపోతే ఏటి? అద్దం సూసుకుంటే తెలిసిపోద్ది, ముక్కు నాదే గదా,” అన్నాడు సుకురు. నవ్వాడు గానీ, బుద్రి అన్నంత పనీ చేసే మనిషి.

కొండ మొదట్లో అధికారి నిబంధనలు వినిపించారు. “ఎలుగుబంటి ఉలిక్కిపడితేనే ప్రమాదం. కాబట్టి అందరూ గట్టిగా మాట్లాడుతూ నడవాలి. పొద కనిపిస్తే చప్పట్లు కొట్టాలి.”

సుకురు బావమరిది లైకోన్ తల గోక్కున్నాడు. “మరి జంతువులు పారిపోవా బాబూ?”

“పారిపోతాయి. పారిపోయే జంతువు ఇంతవరకు ఎవరినీ గాయపరచలేదు.”

అందరూ చప్పట్లు కొట్టుకుంటూ మంచులోకి నడిచారు. ఆ మంచులో చప్పట్లు దూదిపింజల్లా మెత్తబడి, మెల్లగా లోయలోకి రాలిపోయాయి. పిట్టలు పాట మానేసి వీళ్ళ కబుర్లు విన్నాయి. చెట్లు కొంచెం కొంచెం పక్కకు తప్పుకుని దారి ఇచ్చాయి. ఎంతసేపు నడిచారో, అసలు నడిచారో, కొండే వాళ్ళ కాళ్ళ కింద జరిగిపోయిందో సుకురుకు తెలియలేదు.

చెవుడో కుతూహలమో గానీ, ఒక ముసలి కణితి దుప్పి మాత్రం పారిపోకుండా నిలబడి వాళ్ళ మాటలు వింటోంది. చెట్టుకొమ్మలంతేసి కొమ్ములు. సుకురు బాణం వదిలాడు. కణితి నిద్రొచ్చిన దానిలా ముందుకాళ్ళు మడిచి ఒరిగిపోయింది.

విజిల్ మోగింది. “దూరం జరగండి! పడిన జంతువు దగ్గర నిలబడడం అన్నిటికన్నా ప్రమాదం. నెత్తురు వాసనకు ఎలుగుబంటి వస్తుంది.”

“ఎప్పుడొత్తాది బాబూ?” అన్నాడు సుకురు.

“వచ్చేసింది,” అని అధికారి చొక్కా విప్పి, మడత పెట్టి, అతని చేతికిచ్చారు.

నిబంధన ప్రకారం అందరూ దూరంగా కూర్చున్నారు. అధికారి భోజనం తీరిగ్గా సాగింది.

“ఒక్క కాలైనా ఉంచండి బాబూ, ఇంటికాడ మొకం సూపించాలి,” అని సుకురు బతిమాలాడు.

“మాంసం పట్టుకెళితే వాసన వెంట ఎలుగుబంటి ఊళ్ళోకి వస్తుంది. అప్పుడు నా మీద నేనే చర్య తీసుకోవాలి.” ఆయన మూతి తుడుచుకుని చొక్కా తొడుక్కున్నారు. సుకురు ఏడుస్తూంటే మనసు కరిగినట్టుంది. “మీ ఆచారానికి ఏం కావాలి?”

“కర్రకి కట్టిన ఏట ఊళ్ళోకి దిగాలి బాబూ.”

“ఫలానా జంతువే అని ఉందా?”

“లేదు. అడవిలో దొరికిందేదైనా సరే.”

“మరింకేం! నువ్వు అడవిలో క్షేమంగా దొరికావు.”

లెక్కలో తప్పేమీ కనిపించలేదు. లైకోన్ కట్టడానికి అడ్డతీగ కోసుకొచ్చాడు. “తొలి బాణం నీదే గదా బావా, తొలి మర్యాదా నీదే,” అంటూ కాళ్ళూ చేతులూ కర్రకు కట్టాడు. ముడి బిగించేముందు నొప్పిగా ఉందా అని అడిగాడు కూడాను.

తలకిందులుగా ఊగుతూ సుకురు కొండ దిగాడు. ఆకాశం కిందుంది. ఊరు పైనుంచి వేలాడుతోంది. డప్పులు మోగాయి. ఆడవాళ్ళు కడవలు దించేసి ఎదురొచ్చారు. బుద్రి పరుగున వచ్చి అతని తొడ తట్టి చూసింది. ఇన్నేళ్ళలో మొగుణ్ణి చూసి ఆమె అంతలా మురిసిపోవడం అదే మొదలు.

ఎవరికీ గీత కూడా పడలేదని ప్రకటించి, అధికారి వాటాలు చదివారు. తల జిల్లా కార్యాలయానికి. తొడలు డివిజనుకు. చేతులు రక్షణ ఖర్చుల కింద. తొలి బాణం వేసిన ఇంటికి గుండెకాయ.

“ఒలే బుద్రీ,” అని సుకురు మెల్లగా పిలిచాడు. “కోసేకాడ దగ్గరుండు. మన వాటా తగ్గించేత్తారు.”