తీగ లేని దొంగతనం

"సిద్దిపేటల తెలివి రెండే జాగలల్ల ఉంటది అఫ్సర్ భాయ్. ఒకటి నా తలకాయ, రెండోది నా నోటుబుక్కు!" అంటూ పక్కింటి రాధాకిషన్ చెప్పులతోనే దర్జీ అఫ్సర్ ఇంట్లోకి వచ్చాడు. బంద్ పేరుతో తన చీరల దుకాణం మూతపడిన ప్రతిరోజూ ఆయన డిటెక్టివే.

అఫ్సర్‌కు నవ్వు రాలేదు. కూతురు తహూరా నర్సింగు కాలేజీ ఆన్‌లైన్ దరఖాస్తుకు సాయంత్రం ఐదింటితో గడువు. ఇవాళ తెలంగాణ బంద్. నెట్ సెంటర్లన్నీ షట్టర్లు దించాయి. దిక్కల్లా ఇంట్లోని వైఫై. అదేమో పొద్దుటి నుంచి నత్తనడక. నాలుగు దాటింది. ఫొటో సగం ఎక్కి ఆగిపోతోంది.

"ఎవరో మన నెట్ వాడుతున్రు అబ్బా. పాస్‌వర్డు మారుద్దామంటే, నెట్ పెట్టినాయన రాస్తారోకోకు పోయిండు. ఫోన్ ఎత్తుతలేడు," అంది తహూరా తండ్రితో.

రాధాకిషన్ కళ్లు మెరిశాయి. "తీగ లేకుండ వచ్చేదాన్ని తీగ లేకుండనే ఎత్తుకపోతరు! దీని ఎనుక పెద్ద తలకాయ ఉన్నది."

బట్టలు గీసే సుద్దను పొడి చేసి, వేలిముద్రల కోసం వైఫై డబ్బా మీద చల్లాడు. తహూరాకు తుమ్ములొచ్చాయి.

"ఏంది, పౌడరు కొడుతున్నవు? దానికి పెండ్లిచూపులా?" అన్నాడు అఫ్సర్.

రాధాకిషన్ వినలేదు. కొత్త ఫోను ఎత్తిపట్టుకొని గదులన్నీ తిరిగాడు. "నేను వంటింట్ల ఉన్నా ఫొటో ఎక్కుతలేదు, గడపల ఉన్నా ఎక్కుతలేదు. అంటే దొంగ నా ఎంబడే తిరుగుతుండు!"

అదే వేగంతో బయటికి దూకాడు. ఇంటి ముందు రోడ్డు మీద ఉద్యమం వాళ్ల వంటావార్పు నడుస్తోంది. ఆయన భార్య పద్మమ్మ పెద్ద గంజులో పప్పుచారు కలుపుతోంది.

"ఏమయ్యా, ఊరంతా పనిజేస్తుంటే నీకు ఫోన్ పట్టుకొని తిరుగుడేనా?"

"నిశ్శబ్దం! నేరస్థుడు గంజు ఎనుకనే ఉండొచ్చు." వంగి చూశాడు. ఫోను చేతిలోంచి జారి పప్పుచారులో బుడుంగున మునిగింది.

మరుక్షణం లోపలి నుంచి తహూరా కేక. "అబ్బా! ఫొటో ఎక్కింది! ఫారం చేరింది, నంబరొచ్చింది!"

అఫ్సర్ గడియారం చూశాడు. ఐదుకు మూడు నిమిషాలు తక్కువ.

"నా ఫోను! పొద్దుగాలసంది నాలుగు సినిమాలు దించుతున్న, జరంతైతే అయిపోతుండె!" రాధాకిషన్ ఏడుపు లంకించుకున్నాడు.

"ఎవరి నెట్ మీద?" అన్నాడు అఫ్సర్.

రాధాకిషన్ ఏడుపు ఆపాడు. "పాస్‌వర్డు మీ గోడ మీద సుద్దతోటి రాసుకుంటిరి గద భాయ్. ఎట్లైతేంది? కేసు తేలింది, దొంగ దొరికిండు!" అని ఛాతీ విరిచాడు.

అఫ్సర్ లోపలికి పోయి తడిబట్టతో గోడ తుడిచాడు.