కాపురానికో కుర్చీ

మొగుడూ పెళ్లాల మధ్య మూడో మనిషి ఉండాల్సిందే!

కోప్పడకండి. నేను చెప్పేది కౌన్సెలింగ్ మేడం గురించి. ఆత్మకూరులో బోరు మోటార్లు బాగుచేసుకునే నాకు ఇరవై రెండేళ్ల కాపురం తర్వాత కలిగిన జ్ఞానోదయం ఇది.

గత నెల మా ఆవిడ యాదమ్మ సంచి సర్దింది. "అమరచింతల మా అమ్మ దగ్గరికి పోత. నీతోని మాట్లాడుడు కన్న గోడతోని మాట్లాడుడు నయం" అంది. బతిమాలి, బస్సెక్కించి, వనపర్తిలో కౌసర్ మేడం దగ్గరికి తీసుకుపోయాను.

అక్కడ రూల్స్ రెండే. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు నోరు మూసుకోవాలి. తర్వాత ఎదుటి మనిషిలో నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి.

"మేడం, గాయనకు జర చెప్పుండ్రి..." అని మొదలుపెట్టింది యాదమ్మ. మా వైపు ఆడవాళ్లు నలుగురిలో మొగుడికి ఏం చెప్పాలన్నా పక్కవాళ్లకే చెబుతారు. "నాకు కాదమ్మా, ఆయన దిక్కు చూసి చెప్పు" అన్నారు మేడం.

నా వంతు వచ్చింది. దుకాణంలో గిరాకీలతో మాట్లాడే అలవాటు కదా, "యాదమ్మ గారూ, మీ జొన్నరొట్టె బాగుంటదండీ" అన్నాను. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నేళ్లయిందో!

ఇంటికొచ్చాక మళ్లీ మాటల్లేవు. మేడం లేరు కదా మరి! అందుకే నడింట్లో ఓ ప్లాస్టిక్ కుర్చీ వేసి, మేడం అందులో ఉన్నారనుకున్నాం.

"మేడం, చారు మస్తుగున్నది" అని నేను కుర్చీకి చెబుతాను. "మేడం, ఇంకింత పోసుకోమనుండ్రి" అని ఆమె కుర్చీకే చెబుతుంది. ఎంత మర్యాద! ఒక్క తిట్టు లేదు! రేషన్ బియ్యంతో పాటు ఇంటికో కుర్చీ ఇస్తే కోర్టులు మూతపడవా?

మొన్న వనపర్తి పోతే మేడం, "మంచిగ మాట్లాడుకుంటున్నరు, ఇంక రాకున్నా నడుస్తది" అన్నారు. నేను పరేషాన్!

ఆత్మకూరు మీదుగా అమరచింత పోయే బస్సులో తిరిగొస్తుంటే యాదమ్మ నెమ్మదిగా అడిగింది. "దుకాణానికి ఎవరొచ్చినా కూసోండ్రి, చాయ్ తాగుండ్రి అంటవు. నాతోని మాట్లాడనీకె మాత్రం నడుమ ఇంకొకరు కావాల్నా?"

ఇంతలో కండక్టర్ వచ్చి ఆమెను అడిగాడు, "యాడికమ్మా, ఆత్మకూరా, అమరచింతనా?"

యాదమ్మ నా ముఖంలోకే చూస్తోంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడైనా నోరు విప్పకపోతే మనిషినే కాను!

విప్పాను.

"అన్నా, నువ్వే మా ఆమెకు జర చెప్పు... ఆత్మకూరులనే దిగమను!"