టేపులు నమిలే పెట్టె వర్ధిల్లాలి

వరద నీళ్లు మా వీధిలో కిటికీల దాకా వచ్చిన ఏడాది మా ఇంటి వీసీఆర్ టేపులు నమలడం మొదలుపెట్టింది. ఏ యంత్రానికైనా అంతకంటే మంచి గుణం ఉండదని నా గట్టి నమ్మకం. నవ్వకండి!

నేను తలుపులూ కిటికీలూ చేసుకునేవాణ్ణి. చదువు మూడో తరగతి. మాట తక్కువ. అయినా ఈ విషయంలో నోరు విప్పక తప్పదు.

మా బావమరిది విహారయాత్ర కేసెట్టు మూడు గంటలు. అందులో సగం ఆయన బొటనవేలే. వచ్చినప్పుడల్లా మొదటి నుంచి వేసేవాడు. మా పెట్టె దాన్ని ఒక్క గుటకలో మింగేసింది. ఏ డాక్టరు ఇవ్వగలడండీ అంత ఉపశమనం? కోడలు అద్దెకు తెచ్చిన వ్యాయామం కేసెట్టును సరిగ్గా నడుం వంచే చోట పట్టేసింది. ఇంటిల్లిపాదీ నడుం నొప్పుల నుంచి బయటపడ్డాం. కేసెట్ల షాపువాడు మమ్మల్ని చూస్తే షట్టరు దించేవాడు. ఇంటికొకటి చొప్పున ఇలాంటి పెట్టెలు పంచిపెట్టాలని నా మనవి.

మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆవిడ ప్రాణమంతా మా అమ్మాయి పెళ్లి కేసెట్టులో ఉంది. పెళ్లి కోసం కాదు. ఆ రోజు వీడియో అతను మైకు నా నోటి దగ్గర పెట్టేసరికి బెదిరిపోయి, "మా ఆవిడ లేకపోతే నేను ఒట్టి చెక్కని" అనేశాను. ఆ ముక్కనే వెనక్కి తిప్పి తిప్పి చూసేది. పెట్టెకు రోగం వచ్చాక కేసెట్టును బట్టల మధ్య దాచింది. చివరికి మెకానిక్కును పిలిపించింది.

"అది టేపు నములుతుంది, ఈయన నీళ్లు నములుతారు. ముందు ఎవరిని బాగుచేస్తావో నువ్వే చూసుకో నాయనా" అంది.

"పెద్దాయనకి పార్టులు దొరకవమ్మా" అన్నాడతను.

మూత విప్పాడు, దూది పెట్టి తుడిచాడు, ఇక ఏది వేసినా భయం లేదన్నాడు. ఆవిడ నమ్మి పెళ్లి కేసెట్టు వేసింది. తెర మీద మైకు నా నోటి దాకా వచ్చింది. పెట్టె గుర్రుమంది.

నమిలిన టేపును మెకానిక్కు మూరల కొద్దీ బయటికి లాగాడు. అప్పుడు కనబడిందట అతనికి, లోపల ఊడిన స్ప్రింగు. దాన్ని బిగించి, నలిగిన ముక్క కత్తిరించి, అతికించి మళ్లీ వేశాడు. తెర మీద నేను నోరు తెరిచాను. మరుక్షణం అందరూ భోజనాలు ముగించి చేతులు కడుక్కుంటున్నారు.

పెట్టె భేషుగ్గా బాగుపడింది. బావమరిది ఇంకో కాపీ పంపుతానన్నాడు. మా ఆవిడ మాత్రం కత్తిరించి పారేసిన ఆ టేపు ముక్కను ఏరి కొంగున ముడేసుకుంది.

నేను సంతోషించాలి కదూ? నిజం చెబుతున్నాను, ఆ టీవీలో ఉన్నవాడంటే నాకు మొదటి నుంచీ గిట్టదు. వాడి ఒక్క మాటకి ఆవిడ కళ్లు ఒత్తుకునేది. పక్క కుర్చీలో ఉన్న నన్ను మాత్రం, "కాస్త జరగండి, అడ్డొస్తున్నారు" అనేది.

మరునాడు పొద్దున్నే వంటగదిలోకి వెళ్లాను. తిరుగుతున్న మిక్సీ ఆపి, ఆ మాట చెప్పాను.

ఆవిడ ఇటు తిరగలేదు. "ఏమన్నారూ?" అంది.

వినబడిందని నాకు తెలుసు. అయినా మళ్లీ చెప్పాను.