రవూఫ్ గారి యుద్ధం క్యాసెట్

ఆ ఉదయం అబ్దుల్ రవూఫ్ పెట్టుకున్నది చిన్న పని. వసారాలో కుర్చీ వేసుకుని, కెమెరా ముందు ఒక గంట మాట్లాడటం. బంగ్లాదేశ్ యుద్ధంలో పనిచేసిన వాళ్ల మాటలు క్యాసెట్ల మీద దాచాలని బెజవాడలోని మాజీ సైనికుల సంఘం తీర్మానించింది. రవూఫ్ ఒప్పుకున్నది మాత్రం సంఘం కోసం కాదు. ఆ యుద్ధంలో అతని పక్కనే చనిపోయిన ఏసుపాదం భార్య దానమ్మ గన్నవరంలో ఉంది. ఏసుపాదం ఎలా పోయాడో ఆమె ఎదుట కూర్చుని చెప్పడం ఇరవై ఏడేళ్లుగా రవూఫ్‌కి చేతకాలేదు. ప్రతి క్రిస్మస్‌కీ వెళ్లడం, కేకు తినడం, తిరిగి రావడం. క్యాసెట్ అయితే బస్సులో పంపేయవచ్చు.

కంకిపాడులో వాళ్లకు తెలిసిన వీడియో కెమెరా పెళ్లిళ్లు తీసే నవాజ్‌దే. అతను లైట్లు దించేసరికి పక్కింటి రామతులసి గోడ మీదుగా తొంగి చూసింది.

"సుగ్రా వదినా, మనవరాలి నిశ్చితార్థం మాకు చెప్పకుండానే చేస్తున్నారా?"

అలాంటిదేమీ లేదని రవూఫ్ భార్య సుగ్రా చెప్పింది. ఇంటి ముందు నవాజ్‌ని పెట్టుకుని అంటే ఎవరు నమ్ముతారు? ఇంత గుట్టుగా చేస్తున్నారంటే సంబంధం పెద్దదే అయ్యుండాలన్నారు. కాసేపటికి వీధి సగం పట్టుచీరలు కట్టుకుని, పళ్లు పట్టుకుని వచ్చి కూర్చుంది. వచ్చినవాళ్లను ఆకలితో పంపడం సుగ్రాకు తెలియదు. పెరట్లో పులావుకి డేగిసా ఎక్కించింది. కాలేజీ నుంచి వచ్చిన మనవరాలు అఫ్సా, పెళ్లికొడుకు ఎవరని అడిగింది.

రవూఫ్‌కి ఇవేవీ తెలియవు. లైటు కళ్లలో పడ్డాక ఎదుటి జనం కనబడటం మానేశారు. ఆ వెలుగు మెల్లగా మంచులా మారింది. మంచులో ఏరు, ఏట్లో పడవ, పడవలో ఏసుపాదం. అన్నీ చెప్పాడు. ఎప్పుడు ముగించాడో అతనికే తెలియలేదు. నవాజ్ అప్పటికి కెమెరా తిప్పి భోజనాల పంక్తిలో వడ్డన తీస్తున్నాడు.

వారం తిరక్కుండా క్యాసెట్లు తయారై ఒకటి సంఘానికి, ఒకటి గన్నవరానికి వెళ్లాయి. మర్నాడే దానమ్మ బస్సు దిగి వచ్చింది.

"చూశానన్నయ్యా. మీ నోరు కదులుతోంది, సన్నాయి వినబడుతోంది. మీరు కళ్లు తుడుచుకుంటుంటే పైనుంచి పూలు పడ్డాయి."

నవాజ్‌ని పిలిపించారు.

"పెళ్లి క్యాసెట్‌లో మాటలెవరు వింటారు చాచా? మిక్సింగ్‌లో ఎప్పుడూ తీసేస్తాం," అన్నాడతను. అసలు టేపు మీద అప్పటికే ఉయ్యూరులో ఒక పెళ్లి తీసేశాడు.

దానమ్మ కదల్లేదు. "అంతసేపు చెప్పింది ఆయన గురించేనా?"

రవూఫ్ గుమ్మం వైపు చూశాడు. ఆమె కుర్చీ గుమ్మానికి అడ్డంగానే ఉంది.

"ఆయన గురించేనమ్మా. తెల్లవారుజామున మంచు. నన్ను వెనక కూర్చోమని తను పడవ ముందు కూర్చున్నాడు. గుండు తగిలాక నా ఒళ్లోనే ఉన్నాడు. నొప్పిగా ఉందా అంటే లేదన్నాడు. ఇంట్లో దానమ్మ అట్లు పోస్తున్నట్టుంది, వాసనొస్తోందన్నాడు."

"ఒంటరిగా పోలేదుగా?"

"లేదమ్మా."

దానమ్మ మళ్లీ మొదటినుంచి చెప్పమంది. నవాజ్ కెమెరా తేవడానికి లేచాడు. రవూఫ్ వద్దని ఆపి, వీధి దీపాలు వెలిగేదాకా చెప్పాడు.

సంఘానికి చేరిన క్యాసెట్ అక్కడే ఉండిపోయింది. చూసిన కాలేజీ విద్యార్థులు, ఆ యుద్ధంలో భోజనాలకు లోటు లేదని రాసుకుని వెళ్లారు.