కుప్ప మీది కొమ్ము

ఆడపిల్లలకు పరీక్షలు దండుగ. సెలక్షన్లే మేలు!

గీ మాట నేను ఊకె అంటలేను. నేను చదివింది ఎనిమిదో తరగతి, అది గూడ దసరా సెలవుల దాకనే. గయినా గీ సంగతిల నాకున్న అనుభవం ఆర్మూర్‌ల ఏ హెడ్‌మాస్టర్‌కు లేదు. మా బిడ్డ కృప సాఫ్ట్‌బాల్ ఆడుతది. సాఫ్ట్‌బాల్ ఆడే పిల్ల తల్లి అంటె సగం పీఈటీ, సగం డాక్టర్. ఇంకేమన్న మిగిలితె అది వంటకు.

మా కాలంల సెలక్షన్లు లేకుండె అని మాత్రం అనను. నేను ఎనిమిదిల ఉండంగ ఒకటి జరిగింది. నలుగురు వచ్చిండ్రు, చాప మీద కూసున్నరు, నన్ను నడువుమన్నరు, చాయ్ తాగి పోయిండ్రు. మొదటిపాలికే సెలెక్ట్ అయిన! దసరా సెలవులు అయిపోయినయి గని నేను మల్ల బడికి పోలే.

ఇప్పటి సెలక్షన్లు గట్ల కాదు, మస్తు నయం. ఏడాదికోపాలి మా హైస్కూల్ గ్రౌండ్ల టోర్నమెంట్ పెడతరు. ఈ ఏటి సంది హైదరాబాద్ నుంచి ఒక కాలేజీ సారు గూడ వస్తుండు. తెల్ల టోపీ పెట్టుకొని, నోట్‌బుక్కు పట్టుకొని బాల్ తగలకుండ కట్టిన ఇనుప తీగల జాలీ ఎనుక కుర్చీల కూసుంటడు. ఆయన నోట్‌బుక్కుల పేరు ఎక్కిందంటె ఆ పిల్లకు ఇంటర్ సీటు, హాస్టలు, తిండి, బూట్లు, అన్నీ ఫ్రీ.

ఎక్కకపోతె? ఏమైతదో మా ఇంటాయన దేవరాజు ముందే చెప్పి పెట్టిండు.

"సెలెక్ట్ అయితె పోతది, చదువుకుంటది. కాకుంటె జూన్ నుంచి నీతోని మార్కెట్ యార్డుకొచ్చి పసుపు ఏరుతది. మల్ల నన్ను అడగొద్దు."

ఎంత సాఫ్ మాట చూడుండ్రి! ఇంట్ల గొడవ లేదు, ఏడ్పు లేదు. ఫికరంతా తీస్కపోయి ఒక ముక్కుమొఖం తెల్వని మనిషి నోట్‌బుక్కుల పెట్టిండు. ఇంత సుఖం ఏ పరీక్షల దొరుకుతది?

దేవుడు అందరినీ చూస్తడంటరు. అందుకే ఆయన చూస్తున్నడంటె ఎవరికీ భయం లేదు. సెలెక్టర్ సారు అందరినీ చూడడు. అందుకే అందరికీ భయమే! గీ మాట మా పాస్టరయ్యతోని అంటె ఆయన దగ్గి, వాక్యం మార్చిండు.

ఇగ లాభాలు చెప్తె ఒడువయి. మా అత్త ఎస్తేరమ్మ పొయ్యి మీద గుడ్డు ఉడికిందంటె అది మా మరిది డేవిడ్‌ది. ఆయన ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండు. రెండేండ్ల సంది అదే సంవత్సరం చదువుతుండు. మెదడుకు బలం గావాలె గదా! సెలెక్టర్ వస్తుండని తెల్సిన నాడు మా అత్త రెండో గుడ్డు ఉడకబెట్టింది.

"తిను బిడ్డా కృపా. సారు చూస్తడట."

పదిహేనేండ్ల సంది పిల్ల కండ్ల ముందట్నే ఉన్నది, గుడ్డు యాదికి రాలే. అత్తది తప్పు గాదు. చూసేటోడు లేకపాయె!

మా ఇంటాయనకు గూడ లాభమైంది. మీ పిల్ల ఎన్నో తరగతి అంటె "ఎనిమిదో, తొమ్మిదో" అనేటోడు. టోర్నమెంట్ ఫారం నింపేటప్పుడు పదో తరగతి అని ఎరుకైంది. ఆ దినమంతా ఆయన మొఖంల ఒక ఆశ్చర్యం.

ఊరికైతె చెప్పనే వద్దు. గ్రౌండ్ల ఎండబోసిన పసుపు ఎత్తుండ్రని హెడ్‌మాస్టర్ మూడేండ్ల సంది మొత్తుకుంటుండు. సెలెక్టర్ వస్తుండంటె సగం ఎత్తిండ్రు! ఆ వారం ఆర్మూర్‌ల టోపీ పెట్టుకున్న ప్రతి మనిషికి చాయ్ దొరికింది. బోరు మోటర్ బాగుచేయవచ్చిన ఆయనకైతె మూడు దొరికినయి. ఎందుకు దొరికినయో ఆయనకు ఇప్పటికీ తెల్వది.

గిన్ని లాభాల నడుమ నాకు ఒక్కటే రంధి. మా కృప క్యాచర్.

క్యాచర్ అంటె ఎవరో తెల్వనోళ్లకు చెప్తున్న. పిచ్చర్ పిల్ల నడుమ నిలబడి బాల్ వేస్తది. అందరు ఆమెనే చూస్తరు. బ్యాట్ పట్టిన పిల్ల కొడితె కొడుతది. కొట్టకపోతె ఆ బాల్ ఎనుకకు పోకుండ పట్టేది క్యాచర్. గొంతు కూసొని ఉంటది. మొఖానికి ఇనుప మాస్కు, ఛాతికి మెత్త, కాళ్లకు తొడుగులు. వెనుకట మన యార్డుల రుమాలు కింద వేళ్లతోని ధర చెప్పినట్టు, మోకాళ్ల నడుమ వేళ్లు పెట్టి ఏ బాల్ వేయాల్నో పిచ్చర్‌కు చెప్తది. చెప్పేది ఈమె, పేరు ఆమెకు.

మరి సెలెక్టర్ సారు కుర్చీ యాడ? క్యాచర్ ఎనుక! ఆయనకు మా పిల్లది కనబడేది వీపు ఒక్కటే. వీపును చూసి సీటిచ్చినోడు ఈ లోకంల ఎవడన్న ఉన్నడా?

ఇక్కడనే నా పదేండ్ల అనుభవం పనికొచ్చింది. నేను నారాయణదాస్ సేటు కాడ పసుపు ఏరుతా. పొడుగు కొమ్ము, పాలిష్ వచ్చిన కొమ్ము కుప్ప మీద. పొట్టివి, వంకరవి కింద. ఇది నాకు ఎవ్వరూ నేర్పలే, చేతులకే తెలుసు. మంచి కొమ్మును అడుగున పెట్టి మొక్కుకుంట కూసునేటోళ్లను ఏమనాలె?

కృపను కుప్ప మీదికి తేవాలె. పిచ్చర్‌ను చెయ్యాలె!

పిచ్చర్ జాగల స్నేహ అనే పిల్ల ఉన్నది. బస్టాండ్ కాడ కిరాణ దుకాణం విమలక్క బిడ్డ. నేను దుకాణం కాడికి పోయి ఉప్పు ప్యాకెట్ అడుగుకుంట అన్న:

"విమలక్కా, స్నేహ గింత నల్లబడ్డదేందక్కా? ఎండల నిలబెడుతున్నరు పాపం."

విమలక్క తూకం ఆపింది. "అంటె? మరి యాడ నిలబెట్టాలె?"

"నిలబెట్టుడెందుకక్కా? కూసోబెట్టాలె. క్యాచర్‌కు మొఖం మీద మాస్కుంటది. ఎండ తగలది."

తెల్లారేసరికి విమలక్క గ్రౌండ్ల ఉంది. పిల్లలకు గ్లూకోజ్ బిస్కెట్లు ఇచ్చేది ఆమెనే. పీఈటీ భీమన్న సారు నెత్తి గోక్కున్నడు, నన్ను చూసిండు, బిస్కెట్ల డబ్బాను చూసిండు. "సరే తియ్యమ్మా, ఒక్క మ్యాచ్‌కు" అన్నడు.

కృప ఒక్కతే ఒప్పుకోలే.

"అమ్మా, అది నా జాగ గాదు. నేను కూసున్న కాడికెళ్లి చూస్తె మా టీమంతా నాకు కనబడ్తది. ఎవరు యాడున్నరో ఎరుకైతది. ఆడ నిలబడితె నాకేం కనబడదు."

"నీకు కనబడుడు గాదే పిల్లా," అన్న నేను. "నువ్వు కనబడాలె!"

ఎంత గొప్ప మాట అన్న! అన్నంక మూడు నెలలు నిద్ర పట్టలే.

మ్యాచ్ నాడు కృప జడలు నేనే వేసిన. కొబ్బరినూనె, పౌడరు, ఎర్ర రిబ్బన్లు. పాలిష్ డ్రమ్ముల తిప్పి తీసిన కొమ్ము లెక్క మెరిసింది నా బిడ్డ. గ్రౌండ్ నడుమ నిలబడ్డది. సెలెక్టర్ సారు నిక్కి చూసిండు. "చూస్తుండు, చూస్తుండు" అని మా అత్త నా జబ్బ గిచ్చింది.

కృప బాల్ వేసింది. తప్పేం లేదు, జోరుగ వేసింది. స్నేహ మాస్కు లోపల కండ్లు మూసుకున్నది. బాల్ ఆమె పక్కకెళ్లి పోయి, ఎత్తకుండ మిగిలిన పసుపుల పడ్డది. తెచ్చేసరికి అవతలి మోర్తాడ్ టీం పిల్లలు రెండు బేస్‌లు, అంటె ఉరికి ముట్టే జాగలు, దాటిండ్రు. మల్ల వేసింది. మల్ల పసుపుల పడ్డది. తెల్ల బాల్ పచ్చబడ్డది, సెలెక్టర్ సారు చేతిరుమాలు ముక్కుకు పెట్టుకున్నడు. మోర్తాడ్ టీం పిల్లలు ఉరికి ఉరికి అలిసిపోయిండ్రు. విమలక్క మాత్రం మస్తు ఖుష్. బిడ్డ మొఖానికి జరంత ఎండ గూడ తగలలే!

ఓడిపోయినం. సెలెక్టర్ సారు కుర్చీలకెళ్లి లేచి భీమన్న సారును పిలిచిండు.

"మీ టీంకు క్యాచర్ లేదా సారు? నేను వచ్చిందే క్యాచర్ కోసం. మా కాలేజీల పిచ్చర్లు నలుగురున్నరు."

భీమన్న సారు నా దిక్కు చూసిండు. నేను పసుపు దిక్కు చూసిన. తర్వాత ఏం ధైర్యం వచ్చిందో, కొంగు సదురుకొని పోయి ఆయన ముందట నిలబడ్డ.

"సారూ, క్యాచర్ ఉన్నది. నేనే దాచిన. గా పిల్లనే, ఎర్ర రిబ్బన్లు. కూసున్న కాడికెళ్లి రెండో బేస్‌కు విసిరిందంటె గీత గీసినట్టు పోతది సారూ. జర ఒక్కపాలి కూసోబెట్టి చూడుండ్రి."

ఆయన మంచి మనిషే. టోపీ తీసి మాట్లాడిండు. "మ్యాచ్ అయిపోయిందమ్మా. ఆడంగ చూసిందే రాస్త, చెప్పింది రాయ."

సెలెక్టర్ సారు జీపెక్కి పోయిండు. కృప రిబ్బన్లు ఇప్పి నా చేతుల పెట్టింది. వారం దినాలు నాతోని మాట్లాడలే. మా అత్త రెండో గుడ్డు బందు పెట్టింది.

యార్డుల పదేండ్లు పనిచేసి నేను ఒక్కటి మరిచిన. పసుపు కొనేటోడు కుప్ప మీదిది చూసి కొనడు. మోచేతి దాక చెయ్యి పెట్టి, అడుగుకెళ్లి ఒక కొమ్ము తీసి, విరిచి, లోపలి రంగు చూస్తడు. దినాం నా కండ్ల ముందట్నే చూస్తడు!

గయినా సెలక్షన్లు మంచియే అంటున్న. ఎందుకో వినుండ్రి.

మే నెలల రిజల్ట్స్ వచ్చినయి. కృపకు ఆరు వందలకు నాలుగు వందల అరవై రెండు, ఫస్ట్ క్లాస్. "మంచిగనే వచ్చినయి," అన్నడు మా ఇంటాయన. "పసుపు ఏరుడు తొందరగ నేర్చుకుంటది." అదే నాడు ఇంటర్ రిజల్ట్స్‌ల డేవిడ్ మూడోపాలి తప్పిండు. మా అత్త ఆయనకు గుడ్డు ఉడకబెట్టింది, మా ఇంటాయన నాలుగోపాలికి ఫారం తెచ్చిండు.

నేను కూసొని ఆలోచన చేసిన. డేవిడ్‌ను హైదరాబాద్ నుంచి చూడవచ్చిన సారు ఎవరు? ఏ జాలీ ఎనుక కూసున్నడు? ఎవరి నోట్‌బుక్కుల పేరెక్కిందని ఆయన చదువు నడుస్తుంది? పాపం, మా మరిదికి ఒక్క సెలక్షన్ గూడ పెట్టలే ఈ ఇంట్ల!

జూన్ మొదటి సోమవారం కృపను తోల్కొని మన ఊరి సర్కారు జూనియర్ కాలేజీకే పోయిన. ఇంటికెళ్లి నడిస్తె పావుగంట. గా కాలేజీ అన్ని దినాలు ఆడనే ఉన్నది. ఫారంల సంతకం జాగల నా పేరు రాసిన. ఎనిమిదో తరగతి అక్షరాలు, జర వంకర పోయినయి.

మాపటికి మా ఇంటాయనకు చెప్పిన. "కృప సెలెక్ట్ అయింది."

"ఎవరు చేసిండ్రు?"

"నేనే."

"నీకేం తెలుసే?"

"పదిహేనేండ్ల సంది జాలీ ఎనుక కూసొని చూస్తున్న నేను. మీరెవ్వరు చూడకముందుకెళ్లి."

ఆయన నా నెత్తి దిక్కు చూసిండు. "మరి టోపీ ఏది?" అన్నడు. సరే అనలే, వద్దు అనలే. తెల్లారి తన ట్రాలీ ఆటోల కృపను కాలేజీ గేటు కాడ దింపి వచ్చిండు.

కాబట్టి అక్కలారా, అన్నలారా, సెలక్షన్లు ఎత్తెయ్యొద్దు. ఇంటింటికి పెట్టాలె. వచ్చే ఆదివారం చర్చి ఒడిసినంక మా వాకిట్ల డేవిడ్‌కు సెలక్షన్. కుర్చీ వేసిన, నోట్‌బుక్కు కొన్న. టోపీ మా ఇంటాయనదే తీసుకున్న. ఇంటర్ రెండో సంవత్సరం పుస్తకం తెరిచి ఒక్క పేజీ చదివి చెప్పుమంటా, గంతే.

"మావోడు తెలివికల్లోడే పిల్లా, రాసుకో" అని మా అత్త ఇప్పటికెళ్లే నా ఎంట తిరుగుతుంది.

"ఆడంగ చూసిందే రాస్త అత్తా," అన్న. "చెప్పింది రాయ."